ఆవగింజంత కనుపాప

మా అన్నయ్య ముక్కుకి ఊళ్లో మంచి పేరుండేది. మనిషికి అంత పేరు లేదు గానీ ముక్కుకి ఉండేది. పర్చూరు పక్కన మా ఊళ్లో పత్తి వేసిన ప్రతివాడూ పురుగుమందు డబ్బా కొనగానే ఇంటికి పోకుండా ముందు మా అరుగు దగ్గరికి వచ్చేవాడు. అన్నయ్య మూత తీసి, కళ్లు మూసుకుని, ఒక్కసారి లోపలికి పీల్చి తీర్పు చెప్పేవాడు. "అసలు సరుకే. కొట్టుకో." లేదా, "ఉత్త నీళ్లు. తీసుకెళ్లి ఇచ్చినవాడి మొహానే కొట్టు." ఘాటుంటే మంచి మందు, లేకపోతే కల్తీ. తెల్లదోమ పడి చేలకి చేలు జిగురెక్కి నల్లబడుతున్న రోజులవి. దోమకి ఎంత భయపడేవాళ్లో కల్తీకి అంతకి రెండింతలు భయపడేవాళ్లు. డబ్బా మీద అక్షరాలు చదివేవాళ్లు తక్కువ. చదివినా నమ్మేవాళ్లు లేరు. అందరూ నమ్మేది మా అన్నయ్య ముక్కుని.

నేనప్పుడు గుంటూరులో బి.ఏ. ఫిలాసఫీ చదువుతున్నాను. ఫిలాసఫీయే ఎందుకని అడిగితే, మిగతా సీట్లు అయిపోయాయి. ఆ ఏడాది మా లెక్చరర్ గారు చెబుతున్న పాఠం, మనసుకి ప్రపంచం ఎలా తెలుస్తుంది అని. ఇందులో వాదాలు చాలా ఉన్నాయి. ఒక వర్గం లెక్కలో కన్ను ఊరికే కూర్చోదు. చూపు బయటికి బయల్దేరి, వస్తువుని తాకి, కబురు పట్టుకొస్తుంది. ఇంకో వర్గం అలా కాదంటుంది. వస్తువు మనకి ఎన్నటికీ అందదు, దాని బొమ్మ ఒకటి లోపల పడుతుంది, మనం చూసేదంతా ఆ బొమ్మనే. బొమ్మ అసలుకి సరిపోయిందో లేదో పోల్చుకుందామంటే బయటికి పోయే దారి లేదు. మూడోవాళ్లు బయట ఏమీ లేదు, ఉన్నదంతా మనసేనన్నారు. ఆ మూడోవాళ్లకి పొలం లేదని తెలుస్తూనే ఉంది.

భ్రాంతి గురించి చెప్పేటప్పుడు లెక్చరర్ గారు మసక వెలుతురులో తాడుని చూసి పామనుకున్న మనిషి కథ చెప్పారు. నేను లేచి, మా వైపు పామునే తాడనుకుని పట్టుకున్నవాళ్లు ఎక్కువండీ, వాళ్లలో వాదించడానికి మిగిలినవాళ్లు తక్కువండీ అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వారు. భయపడాల్సిన చోట నవ్వించడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. ఇంట్లో ఎవరైనా కాస్త గొంతు వణికించి మాట్లాడితే చాలు, నా నోరు ఊరుకోదు.

దసరా సెలవులకి ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున అన్నయ్యతో పాటు చేలోకి వెళ్లాను. పనికి కాదు, కబుర్లకి. గట్టు మీద నీళ్ల డ్రమ్ము, పక్కన వీపున మోసే పంపు. అన్నయ్య కొత్త డబ్బా మూత తీసి పీల్చాడు. మొహం చిట్లించి మళ్లీ పీల్చాడు.

"ఏమీ లేదురా ఇందులో. నీళ్లు కలిపి చచ్చాడు."

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. అక్కడికే కంపు గొంతులో దిగి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. తువ్వాలు ముక్కుకి కట్టుకున్నాను.

"అన్నయ్యా, నాకిక్కడికే తల తిరిగిపోతోంది."

"నీది పట్నం ముక్కు. హోటల్ సాంబారుకి కూడా తిరుగుద్ది."

"పోనీ రెండు ముక్కులకీ పంచాయతీ పెట్టిద్దాం. పెద్దమనుషుల్ని పిలవనా?"

అన్నయ్య పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే రెండు మూతలు పోయాల్సిన చోట నాలుగు పోశాడు. కర్రతో అయితే సరిగ్గా కలవదని మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపాడు.

నెల రోజుల్లో అది ఆరో విడత మందు. రోజూ అదే వాసన పడుతుంటే ముక్కు దాన్ని చెప్పడం మానేస్తుందని, వాసన లేకపోవడానికీ ముక్కు చెప్పకపోవడానికీ తేడా మనసుకి తెలియదని మా పాఠంలోనే ఉంది. ఆ ప్రశ్న పరీక్షలో వస్తే రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. గట్టు మీద నిలబడ్డప్పుడు మాత్రం అది గుర్తు రాలేదు. గుర్తొచ్చింది జోకు.

పదకొండు గంటలప్పుడు నాలుగు ట్యాంకులు కొట్టి అన్నయ్య గట్టెక్కాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

"మబ్బేసిందేంట్రా?"

ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండకి గట్టు మీద మట్టి పగుళ్లిస్తోంది.

"మబ్బు ఆకాశంలో ఉందా, నీ కంట్లో ఉందా అన్నది ముందు తేలాలన్నయ్యా. దీని మీద మూడు వాదాలున్నాయి," అన్నాను.

ఆయన నవ్వలేదు. నేను నవ్వి ఆగాను. నోటి పక్కన కారుతున్న ఉమ్మిని భుజంతో తుడుచుకుంటున్నాడు. తుడిచినకొద్దీ కారుతోంది. కింద కూర్చున్నాడు. పిక్కల మీద చర్మం కింద ఏదో పాకుతున్నట్టు కండ తనంతట తానే అదురుతోంది.

"ఒరేయ్, నువ్వు సరిగ్గా కనపడట్లేదురా," అన్నాడు.

నా ఒంట్లో వేడంతా అరికాళ్లలోంచి మట్టిలోకి దిగిపోయినట్టనిపించింది. మబ్బు నిజంగానే కంట్లో ఉంది. నేను చెప్పిన మూడు వాదాల్లో ఒకటి గెలిచింది.

ఎలాగో ఇంటికి చేర్చాను. వదిన ఆయన చొక్కా చించేసి సబ్బుతో ఒళ్లు రుద్ది బిందెలకి బిందెలు గుమ్మరించింది. ఊళ్లో ఆర్.ఎం.పీ. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, "నాడి జారిపోతోంది, నావల్ల కాదు, గుంటూరు పట్టుకుపోండి," అన్నాడు. దొరికింది పెళ్లిళ్లకి తిరిగే కారు. ముందు అద్దానికి వాడిపోయిన బంతిపూల దండ ఇంకా వేలాడుతోంది. గుంటూరు చేరేదాకా అన్నయ్య తల నా ఒళ్లో ఉంది. మూడు సార్లు వాంతి చేసుకున్నాడు. దారిలో జనం పెళ్లికారనుకుని లోపలికి తొంగి చూశారు. చూసినవాళ్లు చప్పున మొహం తిప్పుకున్నారు.

గుంటూరు బ్రాడీపేటలో ఎనిమిది మంచాల నర్సింగ్ హోమ్. డాక్టరు గారు పొట్టిగా, మాటలు పొదుపుగా వాడే మనిషి. టార్చి వేసి అన్నయ్య కళ్లు చూసి నన్ను రమ్మన్నారు. నల్లగుడ్డు మధ్యలో ఉండాల్సిన కనుపాప కనపడలేదు. వెతికితే సూదిమొనంత చుక్క ఒకటి ఉంది. ఆ కన్నంలోంచే వెలుతురు లోపలికి పోవాలి. ప్రపంచమంతా మబ్బేసిందంటే వెయ్యదా మరి.

పొట్ట కడిగారు. విషానికి విరుగుడుగా చేతి నరంలోకి అట్రోపిన్ ఇంజెక్షన్లు ఒకటి తర్వాత ఒకటి ఎక్కించారు. సాయంత్రానికి చొంగ ఆగింది, చెమట ఆరింది. అప్పుడు ఆయన నాకు పని అప్పజెప్పారు.

"సిస్టరు పావుగంటకోసారి వస్తుంది. మధ్యలో నువ్వే చూడాలి. పురుగుమందు ఒంట్లోంచి పూర్తిగా పోలేదు. మనమిచ్చే మందు దిగిపోయిందంటే అది మళ్లీ లేస్తుంది. కనుపాప కందిగింజంత ఉంటే పరవాలేదు. ఆవగింజంతకి వస్తే ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యకుండా పరుగెత్తుకురా."

"ఆయన ఏదేదో మాట్లాడుతున్నాడండీ," అంది వదిన ఏడుపు గొంతుతో.

"మాట్లాడనీ అమ్మా. లేనివి కనపడతాయి, ఎవరెవరితోనో మాట్లాడతాడు. అది మా మందు చేసే పని. అలా ఉన్నంతసేపు మీరు భయపడక్కర్లేదు."

టార్చి నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. లేనివి కనపడితే క్షేమమట. రెండేళ్ల పాఠాలు ఒక్క వాక్యంతో తిరగబడిపోయాయి.

మర్నాడంతా అన్నయ్య పత్తి తీశాడు. మంచం మీద పడుకుని, దుప్పటి మీంచి, గాల్లోంచి, నా చొక్కా గుండీల దగ్గర్నుంచి, మూడు వేళ్లతో ఒడుపుగా గుల్లలోంచి పత్తి లాగినట్టు లాగి పక్కకి వేస్తున్నాడు. కళ్లు పెద్దవిగా, నల్లగా, మెరుస్తూ ఉన్నాయి. అవి నన్ను దాటి నా వెనక గోడనెక్కడో చూస్తున్నాయి.

"సంచి పట్టరా, సంచి! కిందబడిపోతోంది!"

తువ్వాలు పరిచి పట్టుకున్నాను. జన్మలో అంత పొలం పని నేనెప్పుడూ చెయ్యలేదు. మాట వినపడుతోంది కాబట్టి చెవులు పనిచేస్తున్నాయి. వేళ్లు నా గుండీని పట్టుకుంటున్నాయి కాబట్టి స్పర్శ ఉంది. అన్నీ సరిగ్గా లోపలికి పోతున్నాయి. లోపల కూర్చుని వాటిని కూర్చేవాడు మాత్రం వేరే చేను తయారుచేస్తున్నాడు. ఆ చేలో నేను లేను. ఒక్కోసారి నా వెనక చూసి, భయంతో కాళ్లు ముడుచుకునేవాడు. నేను కూడా వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. గోడ మీద క్యాలెండరు తప్ప ఏమీ లేదు. అయినా మళ్లీ చూసేవాణ్ణి.

నా భయం వేరే. కన్నుని అంతసేపు తేరిపార చూస్తే అది కన్నులా ఉండదు. పాప పెద్దదవుతోందా, చిన్నదవుతోందా, ఊపిరి తీస్తోందా అనిపిస్తుంది. మొదటిసారి చిన్నదైందనుకుని పరుగెత్తాను. సిస్టరు పరుగున వచ్చి చూసి, "బాగానే ఉంది బాబూ," అంది. గంట తర్వాత మళ్లీ పరుగెత్తాను.

"ఇంకోసారి ఇట్లా ఉరికొచ్చావంటే నీక్కూడా మంచం వేయిస్తా," అంది. నలభై దాటిన మనిషి, మెడలో సన్నటి శిలువ. తిడుతూనే నా తల మీద చెయ్యి వేసి వెళ్లింది. అప్పటిదాకా నా భయం బయటికి కనపడుతోందని నాకు తెలియదు.

అప్పుడు తెలిసింది, నా కళ్లని నేను నమ్మడానికి లేదు. నాకు కనపడేది అన్నయ్య కనుపాపా, నా భయమా? పోల్చుకోవడానికి బయట ఇంకేదైనా ఉండాలి. వీధి చివర కిరాణా కొట్టుకి వెళ్లాను.

"కాసిని ఆవాలు, కాసిని కందులు ఇవ్వండి. పప్పు కాదు, గింజలు."

"పోపులోకి కందులెందుకయ్యా?"

"పోపుకి కాదండీ, కంటికి."

కొట్టాయన రెండూ కలిపి పొట్లం కట్టిచ్చాడు. వదిన పొట్లం విప్పి చూసి, "ఇదేంటయ్యా, ఇక్కడ వంట పెడతావా?" అంది. రెండు రోజుల్లో ఆ మనిషి నవ్వడం అదే మొదటిసారి. ఒక ఆవగింజ, ఒక కందిగింజ చూపుడువేలి కొసకి కాస్త అన్నంమెతుకుతో అంటించుకున్నాను. పావుగంటకోసారి మంచం పక్క స్టూలు మీంచి లేచి, అన్నయ్య రెప్ప ఎత్తి, టార్చి వేసి, వేలు పక్కన పెట్టి చూసేవాణ్ణి. కంది. కంది. కంది. అన్నయ్య నా చేతులు తోసేసేవాడు, గోళ్లతో రక్కేవాడు. ఒకసారి అరిచాడు. వదిన భుజాలు పట్టుకునేది, నేను రెప్ప ఎత్తేవాణ్ణి.

మూడో రోజు మధ్యాహ్నం మూడు గంటలప్పుడు కరెంటు పోయింది. ఫ్యాను ఆగి, గది మసకబారింది. అన్నయ్య చేతులు దుప్పటి మీద నెమ్మదిగా ఆగిపోయాయి. పత్తి తీయడం మానేశాడు. కాసేపు కప్పు వైపు చూశాడు. తర్వాత తల తిప్పి వదినని చూశాడు. నిన్నటినుంచీ చూసినట్టు దాటి కాదు, సూటిగా.

"ఏమే, అన్నం తిన్నావా?" అన్నాడు.

వదిన నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "గుర్తుపట్టాడయ్యా! నన్ను గుర్తుపట్టాడు!" మంచం పక్కన కూలబడిపోయి ఆయన చేతిని చెంపకి ఆనించుకుంది. పక్క మంచం తాలూకు ముసలాయన లేచి వచ్చి, "గండం గడిచింది తల్లీ," అన్నాడు. నాకూ కళ్లు నిండిపోయాయి. అన్నయ్య మామూలు గొంతుతో, మామూలు మాట అడిగాడు. లేనివి పోయాయి. ఉన్నది ఉన్నట్టు కనపడుతోంది.

అప్పుడు ఆయన నుదుటి మీద చెమట చూశాను. రెండు రోజుల్నుంచి ఎండిపోయి ఉన్న పెదవుల మూల తడి మెరిసింది.

గదిలో వెలుతురు తగ్గింది. వెలుతురు తగ్గితే పాప పెద్దదవ్వాలి. రెప్ప ఎత్తి వేలు పక్కన పెట్టాను. కందిగింజకీ దానికీ పొంతన లేదు. వేలు తిప్పి ఆవగింజని పక్కకి తెచ్చాను. ఇది కూడా నా భయమేనా? రెండుసార్లు తప్పు చెప్పిన కళ్లే కదా ఇవి. కానీ గింజకి భయం లేదు. గింజా, పాపా ఒక్కలాగే ఉన్నాయి.

"వదినా, లే. బాగవడం కాదిది. మందు దిగిపోతోంది."

వదిన తలెత్తి చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది.

"అన్నం తిన్నావా అని అడిగాడయ్యా. విన్నావు కదా! ఇప్పుడు కూడా వేళాకోళమేనా నీకు?"

ఇరవై ఏళ్లుగా ఎవరి ఏడుపు మీదనో, ఎవరి సంతోషం మీదనో నీళ్లు చల్లుతూ బతికినవాణ్ణి. నమ్మమని అడిగే హక్కు నాకెక్కడిది? వాదించలేదు. పరుగెత్తాను. వరండాలో సిస్టరు నన్ను చూడగానే నోరు తెరిచింది. తిట్టబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. వేలు చూపించి, "ఆవగింజ," అన్నాను. ఆమె చేతిలో ట్రే అక్కడే పెట్టేసి నాకంటే ముందు పరుగెత్తింది. వెనకే డాక్టరు గారు.

మేం వెళ్లేసరికి అన్నయ్య గొంతులో గురక మొదలైంది. ఊపిరి నీళ్లలోంచి వస్తున్నట్టుంది. పిక్కలు మళ్లీ అదురుతున్నాయి. వదిన గోడకి ఆనుకుని నిలబడి, ఇందాక చెంపకి ఆనించుకున్న ఆయన చేతినే రెప్ప వేయకుండా చూస్తోంది. సిరంజి ఎక్కింది. ఇంకోటి. డాక్టరు గారు గొంతులో గొట్టం పెట్టి కారినదంతా లాగారు. "నాడి?" "నలభై రెండు డాక్టర్." ఇంకోటి. నేను తలుపు దగ్గర నిలబడి అన్నయ్య కళ్లనే చూస్తున్నాను. సిస్టరు పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో, లెక్కో. "యాభై ఎనిమిది." నాకు ఆ అంకెలు తప్ప ఇంకేమీ వినపడలేదు. "ఎనభై."

ఎంతసేపైందో తెలియదు. అన్నయ్య కుడిచెయ్యి దుప్పటి మీంచి లేచింది. మూడు వేళ్లు దగ్గరికొచ్చి, గాల్లోంచి ఏదో లాగి పక్కకి వేశాయి.

"పత్తి," అంది వదిన. "పత్తి తీస్తున్నాడయ్యా." ఈసారి ఆమె నవ్వుతూ ఏడ్చింది. మొగుడికి మతి తప్పిందని అంత సంతోషపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. వెళ్లి తువ్వాలు పరిచి పట్టుకున్నాను.

డాక్టరు గారు వెళ్తూ నా వేలు పట్టుకుని గింజల్ని చూశారు. "ఏం చదువుతున్నావు?"

"ఫిలాసఫీ అండీ."

"ఇది ఫిలాసఫీలో చెప్పారా?"

"లేదండీ. కిరాణా కొట్లో."

ఆయన నవ్వలేదు. భుజం తట్టి వెళ్లారు. నా జోకుకి ఎవరూ నవ్వకపోయినా బాగుంది అనిపించడం అదే మొదలు.

ఐదో రోజుకి మందు తగ్గించుకుంటూ వచ్చారు. ఈసారి చేతులు ఆగినా చెమట పట్టలేదు, పాప కంది దగ్గర్నుంచి మామూలుకి వచ్చి అక్కడే నిలిచింది. ఆరో రోజు పొద్దున అన్నయ్య దిండుకి ఆనుకుని కూర్చుని ఇడ్లీ తిన్నాడు. దగ్గరి వస్తువులు ఇంకా మసగ్గానే ఉన్నాయన్నాడు. వదిన బయట పంపు దగ్గర గిన్నెలు కడుగుతోంది. అన్నయ్య గొంతు తగ్గించి నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఒరేయ్, ఇక్కడ ఒకడుండేవాడురా. ఇదిగో, ఈ స్టూలు మీద. ఎత్తుగా, నల్లగా ఉండేవాడు. మొహం లేదు. పీడకల అనుకోకు, నేను కళ్లారా చూశాను. ఊరికే కూర్చునుండేవాడు. కాస్త కన్ను మూతబడితే చాలు, మీదికొచ్చి రెప్ప లాగి కంట్లో నిప్పు పెట్టేవాడు. ఎంత మొత్తుకున్నా వదిలేవాడు కాదు. చంపడానికే వచ్చాడనుకున్నా."

చెబుతుంటే ఆయన ముంజేతి మీద రోమాలు లేచి నిలబడ్డాయి. నా ముంజేతి మీద ఆయన గోళ్ల గీరలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చొక్కా చెయ్యి కిందకి లాక్కున్నాను.

"నిన్ను పిలిచాను కూడా. తమ్ముడూ, వీణ్ణి తోలరా అని. నువ్వు రాలేదు. అప్పుడెక్కడికి పోయావురా?"

చెప్పొచ్చు. చెబితే నమ్ముతాడు కూడా. కానీ ఆ తర్వాత నన్ను చూసినప్పుడల్లా ఆ మొహం లేనివాడి మీద నా మొహం వచ్చి కూర్చుంటుంది.

"టీ తాగడానికెళ్లానన్నయ్యా."

"మూడు రోజులు తాగావా?"

"బాగా వేడిగా ఉంది."

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. తగ్గాక తలుపు వైపోసారి చూసి, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"మళ్లీ రాడుగా వాడు?"

"రాడు," అన్నాను.

ఇంకా నమ్మకం కుదరక ఆయన ఆ స్టూలునే చూస్తుంటే, నేను దాన్ని తీసుకెళ్లి వరండాలో పెట్టి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.